పసులు కాసేటోడే కౌబాయ్

మన ఊళ్లలో ఒక తిట్టు ఉంది. లెక్క తప్పినా, పద్యం అప్పజెప్పలేకపోయినా, పరీక్షలో మార్కులు తగ్గినా పెద్దలు ఒకే మాట అంటారు: "నువ్వు పసులు కాయనీకే పనికొస్తవురా!" ఈ తిట్టు తినకుండా పదో తరగతి దాటినవాళ్లు సంక్షేమ హాస్టళ్లలో చాలా తక్కువ. అయితే ఆ మాట అనే మనుషులే కౌబాయ్ సినిమా వస్తే ఈలలు వేస్తారు. టోపీ పెట్టుకుని, గుర్రమెక్కి, నడుముకు తుపాకులు కట్టుకున్నవాడిని చూసి "అబ్బ, హీరో అంటే వీడు!" అంటారు.

మిత్రులారా! కౌబాయ్ అనే ఇంగ్లీషు మాటను ఒక్కసారి మన భాషలో చెప్పుకుందాం. కౌ అంటే ఆవు. బాయ్ అంటే పోరడు. రెండూ కలిపితే పసులు కాసే పోరడు. పని ఒక్కటే. ఒక భాషలో అది తిట్టు, ఇంకో భాషలో బిరుదు. ఎందుకిలా జరిగింది? ఈ తేడాను ఎవరు తెచ్చారు? దీని నుంచి హాస్టల్ పిల్లలమైన మనం నేర్చుకోవలసింది ఏమిటి? ఇదే ఈ వ్యాసం విషయం.

వార్షికోత్సవ సంచికలో బొమ్మల పుస్తకాల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. ఫూలే, అంబేద్కర్ల గురించి, రిజర్వేషన్ల గురించి, ఉద్యోగాల గురించి రాయవలసిన చోట గుర్రాల కథలా అని అడగవచ్చు. నా ఉద్దేశంలో ఇదీ ఆ విషయమే. తన పనిని తాను గౌరవించుకోవడం ఎక్కడ మొదలవుతుందో ఆత్మగౌరవం అక్కడే మొదలవుతుంది.

అసలు కౌబాయ్ ఎవరు?

అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం జరిగింది. యుద్ధం ముగిసేసరికి టెక్సాస్ బీళ్లలో పొడుగు కొమ్ముల పశువులు లెక్కలేనన్ని పెరిగిపోయి ఉన్నాయి. ఉత్తరాది పట్టణాల్లో మాంసానికి మంచి ధర ఉంది. రైలు మాత్రం టెక్సాస్ దాకా రాలేదు. 1867లో కాన్సస్ రాష్ట్రంలోని అబిలీన్ అనే ఊళ్లో రైలు పక్కన పశువుల సంత పెట్టారు. అప్పటి నుంచి వేల పశువులను వందల మైళ్లు నడిపించుకుపోయి రైలెక్కించే పని మొదలైంది. ఆ పని చేసినవాడే కౌబాయ్.

రెండు మూడు వేల పశువులకు పది పన్నెండు మంది కాపరులు. రోజుకు పది పదిహేను మైళ్ల నడక. దారిలో వాగులు దాటించాలి. ఉరుము ఉరిమితే బెదిరి పరిగెత్తే మందను అర్ధరాత్రి లేచి మలపాలి. కొత్తగా చేరిన పోరగాళ్లకు మంద వెనక కావలి దొరికేది. అంటే రోజంతా దుమ్ము తినే పని. ఇంత చేస్తే నెలకు వచ్చేది సుమారు 30, 40 డాలర్లు. మంద యజమానిది, లాభం యజమానిది. చాలాసార్లు స్వారీ చేసే గుర్రం కూడా యజమానిదే. మన భాషలో దీన్ని ఏమంటారు? జీతం ఉండుడు అంటారు. కౌబాయ్ అంటే గుర్రమెక్కిన జీతగాడు.

1883లో టెక్సాస్ ఉత్తర భాగంలో ఈ కాపరులు జీతం పెంచమని సమ్మె చేశారు. నెలకు 50 డాలర్లు అడిగారు. యజమానులు వాళ్లను తీసేసి కొత్తవాళ్లను పెట్టుకున్నారు. సమ్మె ఓడిపోయింది. టోపీ, తుపాకీ గురించి తెలిసిన మనలో ఎంతమందికి ఈ సమ్మె గురించి తెలుసు?

ఇంకో సంగతి. ఆ కాపరుల్లో నలుగురిలో ఒకరు నల్లజాతి వారని చరిత్రకారుల అంచనా. బానిసత్వం నుంచి 1865లో బయటపడినవారికి దొరికిన కొద్ది పనుల్లో ఇదొకటి. మెక్సికో నుంచి వచ్చిన కాపరులు వీళ్లందరికీ గురువులు. వాళ్లను 'వకేరో' అనేవారు. స్పానిష్ భాషలో 'వాకా' అంటే ఆవు. తాడు విసిరి పశువును పట్టే విద్య, జీను కట్టే పద్ధతి, రాంచ్, రోడియో అనే మాటలు అన్నీ వాళ్ల దగ్గర నుంచి వచ్చినవే. బానిసగా పుట్టిన నాట్ లవ్ అనే కాపరి 1907లో తన ఆత్మకథ అచ్చు వేయించుకున్నాడు. బానిసగానే పుట్టిన బాస్ రీవ్స్ 1875 నుంచి మార్షల్ కింద పోలీసు అధికారిగా పనిచేసి దొంగలను గడగడలాడించాడు.

బొమ్మల పుస్తకం ఏం దాచింది?

ఈ పశువుల నడక ఇరవై ఏళ్లు మాత్రమే గట్టిగా సాగింది. 1874లో ముళ్లకంచెకు పేటెంటు వచ్చింది. బీళ్లకు కంచెలు పడ్డాయి, రైలు దగ్గరికి వచ్చింది. 1886-87 చలికాలపు మంచులో లక్షల పశువులు చచ్చాయి. కాపరి పని తగ్గిపోయింది. సరిగ్గా అప్పుడే వాడి కథ పెరగడం మొదలుపెట్టింది. చౌక నవలలు, సర్కస్ ప్రదర్శనలు, సినిమాలు, రేడియో, చివరికి కామిక్స్.

రేడియోలో 1933లో పుట్టిన లోన్ రేంజర్ ఆ తర్వాత బొమ్మల్లోకి వచ్చాడు. 1948లో టూగన్ కిడ్, కిడ్ కోల్ట్, 1955లో రాహైడ్ కిడ్ పుస్తకాలు వచ్చాయి. అట్ట మీద ఎగిసిపడే గుర్రం, పొగలు కక్కే తుపాకీ. లోపల బ్యాంకు దోపిడీ, తరుముడు, చివరి పేజీలో వీధి నడిమధ్య ఇద్దరు ఎదురెదురు. చదివితే సరదాగానే ఉంటుంది. నేనూ ఇష్టంగా చదివాను. అర్థం కాని ఇంగ్లీషును బొమ్మ చూసి అర్థం చేసుకున్నాను. కొత్త మాటలు కొన్ని అలాగే వచ్చాయి.

అయితే ఆ పుస్తకాన్ని ఇంకోసారి తిరగేయండి. కౌబాయ్ ఉన్నాడు, కౌ ఎక్కడ? మంద కాసే మనిషి ఒక్క రోజైనా మంద కాసినట్టు కనిపించడం అరుదు. జీతం మాట రాదు, యజమాని మాట రాదు, సమ్మె మాట అసలే రాదు. నలుగురిలో ఒకడైన నల్లవాడు ఆ పాత పుస్తకాల్లో దాదాపు కనిపించడు. మెక్సికో కాపరి కనిపిస్తే దొంగగానో, మీసం తిప్పే జోకరుగానో కనిపిస్తాడు. పనిని తీసేసి, చేతిలో తుపాకీ పెట్టి, రంగు మార్చి జీతగాడిని హీరో చేశారు.

ఇక మనం రెడ్ ఇండియన్లు అని పిలిచే ఆ నేల ఆదివాసులు! తలకు ఈకలు, ముఖానికి రంగులు, గుట్ట మీద నుంచి కేకలు వేస్తూ దిగి రావడం, గుంపులు గుంపులుగా పడిపోవడం. అంతే వాళ్ల పాత్ర. వాళ్ల భూమి ఎట్లా పోయిందో, వాళ్లకు తిండి పెట్టిన అడవి దున్నలు కోట్ల నుంచి వందల్లోకి ఎట్లా పడిపోయాయో ఆ పుస్తకాలు చెప్పవు. 1890 డిసెంబర్ 29న వూండెడ్ నీ దగ్గర సైన్యం వందల మంది లకోటా ప్రజలను, ఆడవాళ్లను, పిల్లలను కూడా చంపింది. ఆ రోజు కామిక్సులో రాదు.

మనకు దగ్గరగా ఆలోచిద్దాం. మేడారం కథను అలాంటి కామిక్సు వాళ్లు గీసి ఉంటే ఎట్లా ఉండేది? కప్పం కోసం గుర్రాల మీద వచ్చిన సైన్యం హీరోలు అయ్యేది. అడవిని, జనాన్ని కాపాడుకోవడానికి నిలబడిన సమ్మక్క గుట్ట మీది నుంచి బాణాలు వేసే విలన్ అయ్యేది. భూపాలపల్లి, ఏటూరునాగారం అడవుల నుంచి వచ్చిన మన కోయ మిత్రులకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. కథ చెప్పేవాడు ఎవరన్నదే అసలు ప్రశ్న.

నవ్వు చేసిన పని

అన్ని కౌబాయ్ బొమ్మల కథలు ఒక్కటే అనుకోవడం కూడా తప్పు. సముద్రం దాటాక ఈ కథలు మారాయి. ఇటలీలో 1948లో బొనెల్లి రాయగా గలెప్పిని గీసిన టెక్స్ విల్లర్ పుట్టాడు. ఈ తెల్ల హీరో నవాహో ఆదివాసుల ఆడపడుచును పెళ్లి చేసుకుంటాడు. వాళ్లకు నాయకుడవుతాడు. వాళ్లను మోసం చేసే వ్యాపారులతో, అధికారులతో కొట్లాడతాడు. నాయకుడు మళ్లీ తెల్లవాడే కావలసి వచ్చిందా అని అడగవచ్చు. అడగాలి కూడా. కాని ఆదివాసి పక్కన నిలబడడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

బెల్జియంలో మోరిస్ అనే చిత్రకారుడు 1946లో లక్కీ లూక్‌ను గీశాడు. 1955 నుంచి 1977లో చనిపోయే దాకా గోసిని ఆ కథలు రాశాడు. ఈ లూక్ తన నీడ కన్నా వేగంగా తుపాకీ తీస్తాడు. అతని గుర్రం యజమాని కన్నా తెలివైనది. జైలు కుక్క రంటన్‌ప్లాన్ లోకంలోని కుక్కలన్నిటి కన్నా తెలివితక్కువది. డాల్టన్ సోదరులు నలుగురు మెట్ల వరుసలాగా ఉంటారు. అందరి కన్నా పొట్టివాడికి అందరి కన్నా ఎక్కువ కోపం, అందరి కన్నా పొడుగువాడికి ఎప్పుడూ ఆకలే. హాస్టల్లో ప్రతి గదిలో ఈ ఇద్దరూ ఉంటారు కదా! కథ అయిపోయాక లూక్ ఒంటరిగా, తాను పేద కాపరినని పాడుకుంటూ పొద్దుగుంకే దిక్కుకు వెళ్లిపోతాడు. హీరోల గొప్పను నవ్వుతో తగ్గించి, కాపరి పేదవాడన్న సంగతిని చివరి బొమ్మలో గుర్తుచేసిన పుస్తకం ఇది.

నవ్వించే పుస్తకానికి మారే గుణం కూడా ఉంటుంది. లూక్ నోట్లో ఎప్పుడూ సిగరెట్ ఉండేది. పిల్లలు చూసి నేర్చుకుంటారని 1983లో దాన్ని తీసేసి గడ్డిపోచ పెట్టారు. అందుకు 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మోరిస్‌ను గౌరవించింది.

అంతకన్నా పెద్ద మార్పు 2020లో వచ్చింది. జుల్ రాసి, అష్డే గీసిన కథలో లక్కీ లూక్‌కు లూసియానాలో ఒక పెద్ద పత్తి తోట వారసత్వంగా వస్తుంది. తనకు వద్దు, ఈ భూమిని ఇక్కడ పనిచేసే నల్లవాళ్లకే పంచుతానంటాడు. చుట్టుపక్కల తెల్ల భూస్వాములు ఊరుకుంటారా? ముసుగులు వేసుకుని మీద పడతారు. అప్పుడు లూక్‌కు తోడుగా నిలబడేది ఎవరో కాదు, ఇందాక చెప్పుకున్న బాస్ రీవ్స్. ఎనభై ఏళ్ల దగ్గరికి వచ్చిన ఒక కామిక్సు, తాను ఇన్నాళ్లు పక్కన పెట్టిన మనిషిని పిలిచి కథ మధ్యలో కూర్చోబెట్టింది.

పత్తి చేలు, దొరల గడీలు, దున్నేవాడికి భూమి. ఈ మూడు మాటలు విన్నాక జనగామ పిల్లలకు ఇది పరాయి దేశం కథ అనిపిస్తుందా?

తెలుగు తెర మీద టోపీ

తమిళులకు ఈ పుస్తకాలు సొంత భాషలో దొరికాయి. శివకాశిలో 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి. టెక్స్ విల్లర్, లక్కీ లూక్ అక్కడ తమిళం మాట్లాడారు. మన తెలుగువాళ్లకు కౌబాయ్ ఎక్కువగా సినిమా తెర మీదనే పరిచయమయ్యాడు.

1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చింది. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్, ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి, రచయిత ఆరుద్ర. రాజస్థాన్ ఎడారిలో తీశారు. మన దేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా దానికి పేరు. అందులో నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం చేసిన అల్లరి తెలుగు కామిక్సు బొమ్మ నడిచి వచ్చినట్టే ఉంటుంది. ఆ తరువాత 1990లో చిరంజీవి 'కొదమసింహం', 2002లో మహేష్‌బాబు 'టక్కరిదొంగ' వచ్చాయి. 2022లో కృష్ణ కన్నుమూశారు. మరుసటి సంవత్సరం పాత సినిమాను మళ్లీ థియేటర్లలో వేస్తే జనం అదే ఉత్సాహంతో చూశారు. అదే 1971లో అమెరికాలో బిల్ పికెట్ అనే నల్లజాతి కాపరికి, చనిపోయిన దాదాపు నలభై ఏళ్లకు, రోడియో వీరుల గౌరవ జాబితాలో చోటు దక్కింది. ఇక్కడ మనం టోపీ నెత్తిన పెట్టుకుంటున్న సంవత్సరమే అక్కడ ఆ టోపీ అసలు యజమానుల్లో ఒకరిని గుర్తుకు తెచ్చుకున్నారన్న మాట.

మన కౌబాయ్ సినిమాల్లో కూడా గుర్రాలు, నిధులు, పటాలు ఉంటాయి. ఆవు కోసం దుర్భిణి పెట్టి వెతకాలి. హీరో భుజాన వేసుకున్న ఆ రంగుల దుప్పటి మన గొంగడికి తోబుట్టువు. కాని గొంగడి వేసుకున్నవాడు థియేటర్లో నేల టికెట్టు, తెర మీద దుప్పటి వేసుకున్నవాడు హీరో.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ సినిమా రాసిన ఆరుద్ర 'కాటమరాజు కథ' అనే నాటకం కూడా రాశారు. కాటమరాజు ఎవరు? గొల్లల వీరుడు. పదమూడో శతాబ్దంలో కరువు వచ్చి, మేత కోసం మందలను తోలుకుని నెల్లూరు సీమకు పోయినవాడు. అక్కడి రాజు నల్లసిద్ధితో పుల్లరి దగ్గర పేచీ వచ్చింది. మాట పెరిగి యుద్ధమైంది. రాజు పక్షాన ఖడ్గతిక్కన పోరాడి మరణించాడు. మందలు, మేత బీళ్లు, పన్ను, పౌరుషం, యుద్ధం. కౌబాయ్ కథకు కావలసిన సరుకులన్నీ ఇందులో ఉన్నాయి. పైగా ఇందులో ఆవులు ఉన్నాయి! టెక్సాస్‌కు కాపరులు పోవడానికి ఆరు వందల ఏళ్ల ముందే తెలుగు నేల మీద ఈ కథ నడిచింది. ఒకే కలం నుంచి రెండు కథలూ వచ్చాయి. కౌబాయ్ ఊరూరా తెలిశాడు, కాటమరాజు కథ చెప్పేవాళ్లకే మిగిలాడు. తప్పు ఆరుద్రది కాదు. మనం దేనికి ఈల వేశామన్నదే విషయం.

మన మందలు, మన బిడారులు

ఇక మన మూడు జిల్లాల వైపు చూద్దాం. 2016లో జిల్లాలు వేరయ్యాయి గాని, మనమంతా ఒకే ఓరుగల్లు మట్టి పిల్లలం.

జనగామ ప్రాంతపు కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకులకు ఎదురుపోయి దొడ్డి కొమరయ్య ప్రాణమిచ్చాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో తొలి అమరుడు. ఆయన గొర్లు కాసే కురుమ ఇంటి బిడ్డ. ఎదుటివాడి చేతిలో తుపాకీ ఉందని తెలిసీ ముందు వరుసలో నడిచినవాడు. కామిక్సు చివరి పేజీలోని ఎదురెదురు నిలబడే బొమ్మ ఇక్కడ నిజంగా జరిగింది. ఆ పక్కనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర మనుషులు ఎత్తుకుపోకుండా నిలబెట్టుకుంది. పాత వెస్టర్న్ కామిక్సులో ఆడమనిషి ఎక్కువగా కిటికీలో నుంచి చూసి ఏడ్చే బొమ్మ. మన కథలో ఆమె హీరో. చెల్లెళ్లారా, మేకలు కాసిన చేతులే మీవి కూడా. ఈ కథలు మీవి కూడా.

మానుకోట తండాల మిత్రులకు ఒక మాట. లంబాడీలు ఒకప్పుడు వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన బిడారుల జాతి. ఆ ప్రయాణాన్ని లదేణి అనేవారు. రాజుల సైన్యాలకు తిండి గింజలు మోసుకుపోయింది వాళ్లే. టెక్సాస్ కాపరులు కొన్ని వందల మైళ్లు ఇరవై ఏళ్లు నడిచారు. బంజారాలు వందల ఏళ్లు నడిచారు. 1675లో గురు తేగ్ బహదూర్‌ను ఢిల్లీలో చంపించినప్పుడు, ఆయన మొండేన్ని దాచి తెచ్చి, అనుమానం రాకుండా తన ఇంటికే నిప్పుపెట్టి దహనం చేసినవాడు లఖీ షా బంజారా. దీనికన్నా సాహస కథ ఏ కామిక్సులో ఉంది? రోడ్లు, రైళ్లు వచ్చాక బిడారులు ఆగిపోయాయి. అదే కాలంలో, 1871లో, బ్రిటిష్ సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చి దేశంలో చాలాచోట్ల సంచార జాతుల మీద దొంగలన్న ముద్ర వేసింది. అక్కడ మంద తోలినవాడు పనిపోయాక హీరో అయ్యాడు. ఇక్కడ మంద తోలినవాడు పనిపోయాక నేరస్థుడయ్యాడు. ఈ ఒక్క పోలిక గుర్తుంచుకుంటే చాలు.

మరి కౌబాయ్ ఒంటి మీద ఉన్నవన్నీ చూడండి. బూట్లు తోలువి, నడుం పట్టీ తోలుది, తుపాకీ ఒర తోలుది, జీను తోలుది, కళ్లెం తోలుది. అవన్నీ ఊని, నానబెట్టి, కోసి, కుట్టినవాడు ఏ బొమ్మలోనైనా ఉన్నాడా? మన ఊళ్లో మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు పట్టెడ, రైతుకు చెప్పులు కుట్టిన మాదిగ తాతలను ఊరు ఎక్కడ ఉంచిందో మనకు తెలుసు. హీరోకు బూట్లు కావాలి, బూట్లు కుట్టినవాడు వద్దు. ఈ నీతి అమెరికాలోనూ ఒకటే, అనంతారంలోనూ ఒకటే.

బొమ్మల కథ చెప్పడం మనకు కొత్త విద్య అనుకోవద్దు. భూపాలపల్లి జిల్లా పాండవుల గుట్టల్లో రాతి మీద ఆదిమానవులు జంతువుల బొమ్మలు గీశారు. జనగామ పక్కన చేర్యాలలో నకాషీ కళాకారులు బట్ట మీద వరుస వరుసగా గదులు కట్టి కుల పురాణాలు గీస్తారు. డక్కలివారు ఆ పటం విప్పి జాంబపురాణం చెబుతారు, కాకిపడగలవారు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. ఒక గది తర్వాత ఒక గది, బొమ్మ పక్కన మాట. కామిక్సు అంటే ఇంకేమిటి? లింగాలఘనపురం మండలం మాణిక్యాపురం నుంచి వెళ్లి ఢిల్లీ దాకా ఒగ్గుకథ వినిపించిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. ఆయన చెప్పిన బీరప్ప కథ, మల్లన్న కథ గొర్ల కాపరుల కథలే. ఏడిపిస్తూ మధ్యలో నవ్వించడం, నవ్విస్తూ మధ్యలో గుచ్చడం ఒగ్గుకథకు పుట్టుకతో వచ్చిన విద్య. గోసిని చేసింది కూడా అదే.

మనం చేయవలసింది

కొందరు పెద్దలు ఈ పుస్తకాలు చేతిలో చూస్తే చింపేస్తారు. పోటీ పరీక్షల కాలంలో బొమ్మల కథలు టైం వేస్టు అంటారు. వాళ్ల భయంలో అర్థముంది. మన ఇళ్లలో మొదటిసారి చదువుకున్న తరం మనది, ఒక్క ఏడాది పోయినా కోలుకోవడం కష్టం. కాని చదవడం అంటే ఇష్టం పుట్టనివాడు గైడు బుక్కు కూడా మనసుపెట్టి చదవలేడు. బొమ్మ చూసి నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్చినవాడు రేపు పేపరు చదువుతాడు, ఎల్లుండి పుస్తకం చదువుతాడు. కౌబాయ్ కామిక్సును చింపేయడం వల్ల లాభం లేదు. చదివి, పక్కనున్నవాడితో వాదించాలి. ఇందులో పని చేసేవాడు ఎవడు? తినేవాడు ఎవడు? మాట్లాడనివ్వకుండా పడేసింది ఎవరిని? ఈ మూడు ప్రశ్నలు అడగడం వస్తే ఏ పుస్తకం మనల్ని చెడగొట్టలేదు.

మన కథలను బొమ్మల్లో చెప్పే పని ఇప్పటికే మొదలైంది. అమర్ చిత్ర కథ 1979లో బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితాన్ని బొమ్మల్లో తెచ్చింది. 2011లో 'భీమాయణ' వచ్చింది. ప్రధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ ఆ బొమ్మలు గీశారు. అంటరానితనం వల్ల నీళ్లు దొరకని పిల్లవాడి కథను ఆదివాసి చేతులు గీశాయి. అదే దుర్గాబాయి అంతకు ముందు 2007లో కంచ ఐలయ్య రాసిన పిల్లల పుస్తకానికి బొమ్మలు వేశారు. కాపరులు, తోలు పనివారు, కుమ్మరులు, చాకలివారు చేసే పనుల గొప్పదనం చెప్పే పుస్తకం అది. ఉమ్మడి వరంగల్ జిల్లా పాపయ్యపేటలో గొర్లు కాసిన ఆ ఐలయ్యగారే 2019లో తన ఆత్మకథకు పెట్టుకున్న ఇంగ్లీషు పేరుకు అర్థం, గొర్ల కాపరి నుంచి మేధావి దాకా అని. దాచుకోవలసిన మాటను అట్ట మీదనే అచ్చు వేయించారు.

కాబట్టి ఈ వార్షికోత్సవ సందర్భంగా హాస్టల్ విద్యార్థి కమిటీకి, పూర్వ విద్యార్థులకు నా సూచనలు మూడు.

ఒకటి: హాస్టల్ లైబ్రరీలో గైడ్ల పక్కన ఒక అర బొమ్మల పుస్తకాలకు ఇవ్వాలి. లక్కీ లూక్ ఉండాలి, భీమాయణ ఉండాలి. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు ఏడాదికి తలా ఒక పుస్తకం కొనిస్తే రెండేళ్లలో అర నిండుతుంది.

రెండు: సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరూ తాతనో, అమ్మమ్మనో కూర్చోబెట్టి జీతం ఉన్న రోజుల గురించి అడగాలి. ఎవరింట్లో ఉన్నారు, ఏడాదికి ఎన్ని కుంచాలు ఇచ్చారు, బందెలదొడ్డిలో పెట్టిన పసులను ఎట్లా విడిపించుకున్నారు, తోడేలు మంద మీద పడితే ఏం చేశారు, ఏ వాగులో కొట్టుకుపోయి ఎట్లా బయటపడ్డారు. వెట్టి చాకిరీని రద్దుచేస్తూ 1976లో చట్టం వచ్చింది. అంతకు ముందు సంగతులు కళ్లారా చూసినవాళ్లు రోజురోజుకు తగ్గిపోతున్నారు. వాళ్లతోపాటే కథలూ పోతాయి.

మూడు: ఆ కథలను హాస్టల్ గోడ పత్రిక మీద బొమ్మలుగా గీయాలి. గీత బాగా రాకపోయినా ఫరవాలేదు. గొంగడి, ముల్లుగర్ర, సద్దిమూట, వెనక మంద. ఈ నాలుగు గీస్తే మన కౌబాయ్ తయారు. తుపాకీ అక్కరలేదు. నవ్వు మాత్రం తప్పకుండా ఉండాలి. మన తాతలు ఆకలిని కూడా జోకు చేసి చెప్పినవాళ్లు. వచ్చే ఏడాది సంచికలో నాలుగు పేజీలు ఈ బొమ్మల కథలకు కేటాయించాలని సంపాదక మిత్రులను కోరుతున్నాను.

పసులు కాసిన ఇళ్ల నుంచి వచ్చాం. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఏళ్ల తరబడి చేసిన పనికి కూలి ఎగ్గొట్టినవాళ్లు సిగ్గుపడాలి, పని చేసినవాడి బొమ్మను కథలో నుంచి కొట్టేసినవాళ్లు సిగ్గుపడాలి. చదువు మనకు పలక, బలపం ఇచ్చింది. కొట్టేసిన బొమ్మలను మళ్లీ గీయడం ఇక మన వంతు.